చిప్పులో పాటలెక్కించిన కాలం

ఎస్‌డీ మెమొరీ కార్డు మీదుండే ముద్రని ఎప్పుడైనా పరీక్షగా చూశారా? అందులో ‘డీ’ అక్షరం వెలుగు పడి మెరుస్తున్న సీడీలా ఉంటుంది. కార్డు లోపల తిరిగే డిస్కు ఏదీ లేదు కదా, మరి ఆ బొమ్మెందుకు? తొంభైల్లో, డీవీడీ ఇంకా పుట్టకముందు, తోషిబా తన జట్టుతో కలిసి ‘సూపర్ డెన్సిటీ’ అనే డిస్కుని తేవాలని చూసింది. 1995లో పోటీ జట్టుతో రాజీ కుదిరి, రెండు నమూనాలూ కలిసి డీవీడీ అయ్యాయి. సూపర్ డెన్సిటీ పేరు పోయింది. దానికోసం గీయించిన ముద్ర మాత్రం మిగిలిపోయింది. నాలుగేళ్ళ తర్వాత కొత్తగా తెచ్చిన కార్డుకి అదే ముద్ర వేశారు. ఎస్, డీ అక్షరాలకు ఈసారి వేరే అర్థం చెప్పారు: సెక్యూర్ డిజిటల్.

నన్ను చాలాకాలంగా పట్టుకుని వదలనిది ఆ మొదటి మాట. సెక్యూర్ అంటే భద్రం. ఏది భద్రం? ఎవరి నుంచి భద్రం? మా జనగామ వైపు పల్లెల్లో దీన్ని అందరూ ‘చిప్పు’ అనేవాళ్ళు. ఒక పదేళ్ళపాటు చిప్పులో పాటలెక్కించుకోని మనిషి మా ఊళ్ళో దాదాపు లేడు. అలా అడ్డూ అదుపూ లేకుండా పాటలెక్కించుకోవడాన్ని ఆపాలన్న ఉద్దేశంతోనే ఆ కార్డుకి ఆ పేరు పెట్టారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్నుంచీ దాని కథ వెతుక్కుంటూ వచ్చాను.

కథ 1998లో మొదలవుతుంది. ఆ ఏడు అమెరికాలో డైమండ్ మల్టీమీడియా అనే కంపెనీ ‘రియో’ అనే ఎంపీత్రీ ప్లేయర్ తెచ్చింది. పేకముక్కల కట్టంత ఉండేది. ధర 200 డాలర్లు. లోపల 32 ఎంబీ మెమొరీ. మామూలు నాణ్యతలో ఎంపీత్రీ పాటకి నిమిషానికి దాదాపు ఒక ఎంబీ కావాలి కాబట్టి, అందులో అరగంట పాటలు పట్టేవి. చాలకపోతే స్మార్ట్‌మీడియా అనే పలచటి కార్డు పెట్టుకోవడానికి ఒక స్లాట్ ఉండేది. అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం అక్టోబర్‌లోనే కోర్టుకెళ్ళింది. అరగంట పాటల డబ్బాకి అంత భయమెందుకంటే, వాళ్ళకు కనబడింది డబ్బా కాదు, దాని వెనకున్న ఇంటర్నెట్టు. 1999 జూన్‌లో అప్పీళ్ళ కోర్టు కంపెనీ పక్షానే తీర్పిచ్చింది. మనిషి తన కంప్యూటర్లో ఉన్న పాటని తన జేబులోకి మార్చుకోవడం సొంత వాడకమే అంది.

కోర్టులో దారి మూసుకుపోవడంతో, తాళం సంగతి యంత్రంలోనే తేల్చుకుందామనుకున్నారు. 1998 చివర్లోనే రికార్డింగ్ కంపెనీలూ ఎలక్ట్రానిక్స్ కంపెనీలూ కలిసి ‘సెక్యూర్ డిజిటల్ మ్యూజిక్ ఇనిషియేటివ్’ అనే వేదిక పెట్టుకున్నాయి. సభ్యులు రెండొందలకు పైనే. దాన్ని నడపడానికి ఎవర్ని తెచ్చుకున్నారో చూడండి: లియొనార్దో కియారిల్యోనె. ఎంపీత్రీ ప్రమాణాన్ని ఖాయం చేసిన ఎంపెగ్ సంఘాన్ని మొదలుపెట్టిన ఇటలీ ఇంజినీరు ఆయనే. పిట్టని ఎగరేసినవాడినే పంజరం కట్టమన్నట్టు.

2000 సెప్టెంబర్‌లో ఆ వేదిక ఒక సవాలు విసిరింది. పాటల్లో చెవికి తెలియని గుర్తులు దాచాం, చేతనైతే చెరిపి చూపించండి, గెలిస్తే పదివేల డాలర్లు అంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఫెల్టెన్ జట్టు ఆ గుర్తుల్ని ఓడించామని ప్రకటించింది. నోరు విప్పనని సంతకం పెడితేనే బహుమతి అనేసరికి బహుమతే వద్దనుకున్నారు. 2001 ఏప్రిల్‌లో, ఆ పరిశోధన పత్రం చదివితే కేసు పెడతామన్న అర్థం వచ్చే ఉత్తరం అందింది. ఆ సభలో చదవకుండా ఆగినా, ఆగస్టులో ఇంకో సభలో చదివారు. ఆ ఏడే ఆ వేదిక మూతబడింది.

ఇదంతా నడుస్తుండగానే, 1999 ఆగస్టులో, శాన్‌డిస్క్, మాట్సుషిటా (అంటే పానాసోనిక్), తోషిబా కలిసి ఎస్‌డీ కార్డుని ప్రకటించాయి. 32 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు, 2.1 మందం. అప్పటికే బజార్లో కాంపాక్ట్‌ఫ్లాష్, స్మార్ట్‌మీడియా, మల్టీమీడియా కార్డు, సోనీ మెమొరీ స్టిక్ ఉన్నాయి. ఇంకొకటెందుకంటే, పాటల కంపెనీలు అడిగిన తాళం ఇందులో ఉంది గనక. కార్డులో ఒక రహస్య భాగం, దానికి తాళంచెవులు, అనుమతి లేని యంత్రానికి పాట వినిపించకుండా ఆపే ఏర్పాటు. జపాన్‌లో కొన్ని ప్లేయర్లూ ఫోన్లూ దాన్ని వాడుకున్నాయి. మిగతా ప్రపంచం దాని జోలికే పోలేదు. తాళం వేసి పెట్టిన పాటలకి మాత్రమే ఆ తాళం పనిచేస్తుంది. తాళం లేని ఎంపీత్రీని కార్డు మామూలు భాగంలో పడేసుకుంటే అడిగేవాడు లేడు.

కెమెరాల్లో వాడే పెద్ద ఎస్‌డీ కార్డుకి ఎడమ అంచున ఒక చిన్న మీట ఉంటుంది. కిందికి జరిపితే ‘లాక్’. చాలామంది అది కార్డు లోపల ఏదో చేస్తుందనుకుంటారు. ఆ మీటకి కార్డు లోపలి సర్క్యూటుతో సంబంధమే లేదు. అది ఎక్కడుందో చూసి, రాయకుండా ఆగాల్సిన మర్యాద కార్డు పెట్టిన యంత్రానిది. ‘దయచేసి లోపలికి రావద్దు’ అని రాసిన బోర్డు లాంటిది. ఫోన్లలోకి వచ్చిన మైక్రో ఎస్‌డీకి ఆ మీట కూడా లేదు.

ఈ కార్డుల లోపల ఉన్నది ఫ్లాష్ మెమొరీ. తోషిబాలో ఇంజినీరుగా ఉన్న ఫుజియో మసువోకా 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో దీన్ని మొదట ప్రపంచానికి చెప్పాడు. ఇవాళ కార్డుల్లో ఉండే ‘నాండ్’ రకాన్ని 1987లో చూపించాడు. చెరిపినప్పుడు ఒక్క దెబ్బకి చెరిగిపోవడం కెమెరా ఫ్లాష్‌లా ఉందని ఆయన సహోద్యోగి ఒకాయన ఆ పేరు పెట్టాడు. పనిచేసే తీరు ఇలా ఉంటుంది: చుట్టూ కరెంటు పారని గోడలు కట్టిన అతి చిన్న గది. గట్టిగా తోసి ఎలక్ట్రాన్లని లోపలికి పంపిస్తారు. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉండిపోతాయి. గది నిండి ఉందా, ఖాళీగా ఉందా అన్నదే రాత. ఇంత చేసిన మసువోకాకి కంపెనీతో పొసగలేదు. 1994లో తోహొకు విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. తన ఆవిష్కరణకి దక్కాల్సిన వాటా కోసం 2004లో దావా వేస్తే, 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకి రాజీ అయింది. ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఈ కథలో పేర్లు పోవడం అక్కడే మొదలైంది.

2004లో శాన్‌డిస్క్ గోరంత కార్డు తెచ్చింది. 2005లో దానికే మైక్రో ఎస్‌డీ అని పేరు పెట్టారు. 15 మిల్లీమీటర్లు, 11 మిల్లీమీటర్లు, మందం ఒక్కటి. 2 జీబీ కార్డులో ఐదు నిమిషాల పాటలు నాలుగొందల పైచిలుకు పడతాయి. అంటే ముప్పై అయిదు గంటలు ఆగకుండా మోగుతుంది. అమెరికాలో కోర్టుకెక్కిన ఆ రియో డబ్బా అరవై నాలుగు కలిపితే ఈ ఒక్క చిప్పు. అది చైనా ఫోన్లలోకీ, తర్వాత అన్ని చౌక ఫోన్లలోకీ చేరింది.

మా బస్టాండు పక్కన ఒక మొబైల్ షాపుండేది. అటువంటివి ప్రతి మండల కేంద్రంలోనూ ఉండేవి, మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. రీచార్జ్ కార్డులు, ఫోన్ కవర్లు, ఒక పాత కంప్యూటరు, దానికి వేలాడుతూ ఒక కార్డ్ రీడర్. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పిల్లాడు చిప్పు అందుకుంటూనే, “ఏం పాటలు ఎక్కియ్యాలె అన్నా? పాతయా, కొత్తయా? ఫోక్ ఎయ్యాల్నా?” అనేవాడు. పదో ఇరవయ్యో ఇస్తే చిప్పు నిండేది. మనం పాటల పేర్లు చెప్పక్కర్లేదు. మనిషిని చూసి ఫోల్డర్ ఎంచేవాడు. ఆటోవాళ్ళకి ఒకటి, కూలికి పోయే ఆడవాళ్ళకి ఒకటి, అయ్యప్ప మాల వేసినవాళ్ళకి ఒకటి. ‘లవ్ ఫెయిల్యూర్’ అనే ఫోల్డర్ ఎవరు అడుగుతారో వాడికి ముందే తెలుసు. ఊరి సంగీతాభిరుచి గురించి వాడికి తెలిసినంత ఏ రేడియో స్టేషనుకీ తెలియదని నా నమ్మకం.

ఆ ఫోల్డర్లలో సినిమా పాటల పక్కనే ఇంకేవేవో ఉండేవి. పెళ్ళి బ్యాండు వాయింపులు, పక్కూరి భజన బృందం, ఎవరో కుర్రాడు డీజే దరువు కలిపిన జానపదం. 2009 నుంచి 2014 దాకా, తెలంగాణ ఉద్యమం నడిచిన రోజుల్లో, ధూంధాం వేదికల మీద పాడిన పాటలు చిప్పు నుంచి చిప్పుకి పాకేవి. ఒకే పాట ఊరికో గొంతులో వినబడేది. వేదిక ముందు నిలబడి ఫోన్లో పట్టినవి, మైకు గీపెట్టిన చప్పుడు కూడా అందులోనే. వీటిని ఏ కంపెనీ విడుదల చెయ్యలేదు. చిప్పే విడుదల.

ఇందులో అన్యాయం లేదనను. కాపీరైటు చట్టం ప్రకారం ఆ షాపులు చేసింది నేరమే. అప్పుడప్పుడూ పోలీసులొచ్చి కంప్యూటర్లు పట్టుకెళ్ళేవాళ్ళు. పాడినవాళ్ళకీ రాసినవాళ్ళకీ పైసా ముట్టలేదు. డబ్బుకంటే నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటుంది. పాత గ్రామఫోన్ రికార్డు మీద గుండ్రటి కాగితం అంటించి గాయకుడి పేరు రాసేవాళ్ళు. క్యాసెట్టుకి అట్ట ఉండేది, వెనక పేర్లుండేవి. చిప్పుకి గోరంత స్థలం, అందులో కంపెనీ పేరే పట్టదు. ఎంపీత్రీ ఫైల్లో గాయకుడి పేరు రాసే చోటు ఉంది గానీ, అక్కడ ఆ పాట దించుకున్న వెబ్‌సైటు పేరు ఉండేది. సంగీత దర్శకుడి గడిలో అదే, ఆల్బమ్ గడిలో అదే. సినిమా పాటైతే ఎవరు పాడారో లోకానికి తెలుసు, నష్టం లేదు. పక్కూరి గొంతుకి ఆ ఒక్క గడే ఆధారం, అది కూడా పోయింది.

పాటల కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2005లో శాన్‌డిస్క్, రోలింగ్ స్టోన్స్ బృందం కొత్త ఆల్బమ్‌ని తాళం వేసిన చిన్న కార్డులో పెట్టి అమ్మింది. ఎవరికీ పట్టలేదు. 2008లో నాలుగు పెద్ద కంపెనీలతో కలిసి ‘స్లాట్‌మ్యూజిక్’ అని ఈసారి తాళం లేకుండా, మైక్రో ఎస్‌డీ కార్డుకో ఆల్బమ్ చొప్పున తెచ్చింది. అదీ నిలబడలేదు. ఒక కార్డులో ఒకే ఆల్బమ్ అన్న ఊహే పాతబడింది. అదే వస్తువుతో మా బస్టాండు పిల్లాడు ఏళ్ళ తరబడి బతికాడు.

పేర్లు పోవడం మన దగ్గరే జరిగిందా? పడమటి ఆఫ్రికాలో, సహారా ఎడారి అంచున, ఇదే కథ ఇంకో భాషలో నడిచింది. ఇంటర్నెట్టు అందని చోట జనం ఫోన్లలోనూ మెమొరీ కార్డుల్లోనూ పాటలు నిల్వ చేసుకుని, బ్లూటూత్‌తో పంచుకునేవాళ్ళు. క్రిస్టఫర్ కర్క్‌లీ అనే అమెరికన్ మాలీ దేశంలోని కిదాల్ పట్టణంలో ఉంటూ ఆ కార్డుల్లోని పాటలు పోగుచేశాడు. 2010లో క్యాసెట్టుగా, ఆ తర్వాత ఎల్పీ రికార్డుగా ‘మ్యూజిక్ ఫ్రమ్ సహారన్ సెల్‌ఫోన్స్’ పేరుతో విడుదల చేశాడు. అతను చేసిన ఇంకో పని నాకు మరీ ముఖ్యం. ఫైలు పేరు తప్ప ఏ ఆనవాలూ లేని గొంతుల వెనక మనుషుల్ని వెతికాడు. దొరికినవాళ్ళకి వాటా ఇచ్చాడు. అలా దొరికినవాళ్ళలో నైజర్ దేశపు గిటారిస్టు ఎండూ మొక్తార్ ఒకడు. ఇవాళ అతను ప్రపంచమంతా తిరిగి కచేరీలు చేస్తున్నాడు. ఎవరో అడిగారు గనక ఆ గొంతుకి పేరు తిరిగొచ్చింది.

మన దగ్గర అడిగే తీరిక లేకుండానే కాలం మారింది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. డేటా నీళ్ళలా పారింది. చిప్పులో ఎక్కించుకోవాల్సిన అవసరం పోయింది, షాపులో పాత కంప్యూటరూ పోయింది. ఖరీదైన ఫోన్లలో కార్డు స్లాటే తీసేస్తూ వచ్చారు. ఐఫోన్‌కి మొదటినుంచీ లేదు, సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ వరసలో 2021 నుంచి లేదు. ఇప్పుడు పాట మన దగ్గర ఉండదు. నెలకింత కడితే వినబడుతుంది, కంపెనీల మధ్య ఒప్పందం చెడితే ఒక రాత్రిలో మాయమవుతుంది. 1998లో పాటల కంపెనీలు కోరుకున్న తాళం, కార్డులో కుదరనిది, ఇలా కుదిరింది. గాయకుల పేర్లు మాత్రం ఇక్కడ చక్కగా ఉంటాయి, అది ఒప్పుకోవాలి.

సినిమా పాటలన్నీ ఆ యాప్‌లలో ఉన్నాయి. లేనివి చిప్పుల్లో ఉన్నాయి. నేను చుట్టాలిళ్ళకి వెళ్ళినప్పుడల్లా మూలపడ్డ ఫోన్లలో చిప్పులు చూస్తుంటాను. మా పెద్దమ్మ వాళ్ళింట్లో దొరికిన 2 జీబీ చిప్పులో ఒక ఒగ్గు కథ ఉంది. చనిపోయిన మా పెద్దనాన్న తన నోకియా ఫోన్లో రాత్రంతా కూర్చుని పట్టింది. ఆ ఫోన్లు మాటల కోసం చేసిన ‘ఏఎంఆర్’ పద్ధతిలో రికార్డు చేసేవి. పలచటి ధ్వని, డోలు కొడితే రేకు డబ్బా కొట్టినట్టుంటుంది. కానీ ఆ లెక్కన గంట కథకి ఐదున్నర ఎంబీ చాలు. ఒక సినిమా పాట పట్టే చోటులో గంటసేపు కథ. మధ్యలో మా పెద్దనాన్న గొంతు ఒకసారి వినబడుతుంది, “జర ఆ ముచ్చట మల్లొక్కసారి చెప్పు” అని. కథ చెప్పేవాళ్ళు ఎవరని పెద్దమ్మని అడిగాను. “మల్లన్న పట్నాలకు వచ్చినోళ్ళే గదా. ఆ డోలు కొట్టేటాయన ఘనపురం దిక్కు. పేరు యాదికొస్తలేదు బిడ్డా” అంది. చుక్క సత్తయ్య లాంటి పెద్దల పేర్లు నిలిచాయి. ఈయన పేరు చెప్పగలిగిన మనిషి మా ఇంట్లో ఇప్పుడు లేడు. ఊళ్ళో ఇంకా అడుగుతున్నాను.

ఇందులో తొందర పడాల్సిన సంగతి ఒకటుంది. కరెంటు పారని గోడల మధ్య ఎలక్ట్రాన్లు ఉండిపోతాయని చెప్పాను కదా, ఎల్లకాలం ఉండవు. కొద్దికొద్దిగా జారిపోతాయి. మామూలుగా పదేళ్ళు నిలుస్తాయని తయారీదారులు లెక్కేస్తారు. వేడికి ఇంకా తొందరగా పోతాయి, బాగా రాసి చెరిపిన కార్డులో ఇంకా తొందరగా. మన ఎండాకాలంలో రేకుల ఇంటి గూట్లో పడున్న చిప్పుకి ఎంత ఆయుష్షుంటుందో ఊహించుకోండి. పైగా ప్రతి చిప్పులోనూ మెమొరీతో పాటు ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. 2013 డిసెంబర్‌లో ఆండ్రూ హువాంగ్, షాన్ క్రాస్ అనే ఇద్దరు జర్మనీలో జరిగిన ఒక హ్యాకర్ల సభలో దాన్ని విప్పి చూపించారు. ఫ్లాష్ మెమొరీలో తప్పులు దొర్లుతూనే ఉంటాయి, వాటిని సర్దుతూ ఉండటమే ఆ కంప్యూటరు పని. అది పాడైతే, రాత లోపల ఉన్నా మనకు కనబడదు. పైకి ఎనిమిది జీబీ అని రాసి లోపల ఒకటే జీబీ ఉన్న నకిలీ చిప్పులు సరేసరి, నిండాక కొత్తవి పాతవాటి మీద పడతాయి.

అందుకని నేను చేసే పని చెబుతాను, మీకూ పనికొస్తుంది. మూలపడ్డ ఫోన్లోంచి చిప్పు తీసి ఒక మంచి రీడర్‌లో పెట్టండి. ‘ఫార్మాట్ చెయ్యమంటారా?’ అని కంప్యూటరు అడిగితే వద్దనండి, చాలాసార్లు లోపల అన్నీ ఉంటాయి. ముందు మొత్తం కాపీ తీసుకోండి, రెండు చోట్ల పెట్టుకోండి. సినిమా పాటలు పక్కనపెట్టి, పేర్లు లేని ఫైళ్ళు, అంకెలే పేర్లుగా ఉన్న ఫైళ్ళు వినండి. తర్వాత ఆ ఫోను వాడిన మనిషి పక్కన కూర్చుని, ఇది ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ పండుగ అని అడగండి. వాళ్ళు చెప్పింది ఫైలు పేరులోనే తెలుగులో రాసేయండి. ఒకప్పుడు వెబ్‌సైటు పేరు ఆక్రమించిన ఆ గాయకుడి గడి ఇప్పటికీ ఖాళీ చేసుకోవచ్చు. అందులో మనిషి పేరు పడుతుంది.